శిబిరం లేని విపత్తు: పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో స్త్రీల ఆరోగ్య, రక్షణ సేవల ముందస్తు ప్రణాళిక – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

విపత్తుల వేళ స్త్రీల పునరుత్పత్తి ఆరోగ్యానికి, లింగాధారిత హింస నుంచి రక్షణకు అంతర్జాతీయంగా రూపొందిన ప్రమాణాలు ప్రధానంగా నిర్వాసితుల శిబిరాన్ని దృష్టిలో పెట్టుకొని తయారైనవి. దేశంలోని రసాయన ప్రమాద నియమావళి కర్మాగారాన్నీ అందులోని పదార్థాన్నీ కేంద్రంగా చేసుకొని రూపొందింది. సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో జరిగే విపత్తు ఈ రెండు చట్రాలకూ పూర్తిగా ఒదగదు. 2025లో పాశమైలారంలో జరిగిన పేలుడును ఆధారం చేసుకొని, ఈ రెండు చట్రాల మధ్య ఏర్పడిన ఖాళీని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: పారిశ్రామిక విపత్తు, పునరుత్పత్తి ఆరోగ్యం, లింగాధారిత హింస, వలస కార్మికులు, పటాన్‌చెరు, పాశమైలారం, ముందస్తు ప్రణాళిక.

1. ఉపోద్ఘాతం:

2025 జూన్ 30 ఉదయం సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారంలో భారీ పేలుడు సంభవించింది. ఔషధ మాత్రల తయారీలో వాడే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే పొడిని అక్కడ ఉత్పత్తి చేసేవారు. 46 మంది మరణం నిర్ధారణ కాగా, 8 మంది ఆచూకీ దొరకలేదు. మొత్తం 54 మంది. వారిలో అధికులు బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశా మొదలైన రాష్ట్రాల నుంచి వచ్చినవారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవారూ ఉన్నారు. మృతదేహాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉండటంతో డి.ఎన్.ఎ. పరీక్షలు అవసరమయ్యాయి. పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి వద్ద, కర్మాగారం పరిసరాల్లో బంధువులు రోజుల తరబడి ఎదురుచూశారు.

ఈ ప్రమాదంపై జరిగిన చర్చ చాలావరకు యంత్రాల చుట్టూ, ధూళి పేలుడు చుట్టూ, తనిఖీల లోపాల చుట్టూ తిరిగింది. అది అవసరమైన చర్చే. అయితే ఆ ఆసుపత్రి ద్వారం వద్ద నిలబడిన స్త్రీల విషయం ఆ చర్చలోకి ‘బాధిత కుటుంబాలు’ అనే మాట చాటునే వచ్చింది. ఈ మాట గమనించదగినది. కుటుంబాన్ని ఒకే వ్యక్తిగా చూపించే ఈ మాటలో నెలలు నిండిన గర్భిణి, చంటిబిడ్డ తల్లి, మామగారి నిర్ణయానికి తలవంచవలసిన కోడలు ఎక్కడున్నారో కనిపించదు. పరిహారం కుటుంబానికి అందుతుంది; కాన్పు మాత్రం కుటుంబానికి కాదు, ఒక స్త్రీకి జరుగుతుంది.

‘పునరుత్పత్తి ఆరోగ్యం’ అనే పరిభాషకూ ఇక్కడ ఒక చిక్కుంది. ఊళ్ళలో ‘నెల తప్పడం’, ‘కడుపుతో ఉండటం’, ‘కాన్పు’ అనే మాటలున్నాయి. ప్రభుత్వ భాషలో చాలాకాలం ఈ రంగమంతటికీ ‘కుటుంబ నియంత్రణ’ అన్న ఒక్క మాటే చెలామణి అయింది. అందువల్ల విపత్తు ప్రణాళికలో పునరుత్పత్తి ఆరోగ్యం అనగానే అధికారులకు అది అత్యవసరంగా తోచదు; తరువాత చూడదగిన పనిగా తోస్తుంది.

2. ప్రమాణపత్రంలోని శిబిరం:

ఈ విషయంలో ప్రపంచమంతటా ప్రామాణికంగా భావించేది ‘మినిమమ్ ఇనిషియల్ సర్వీస్ ప్యాకేజీ’. దీన్ని కనీస తొలి సేవల సంపుటి అనవచ్చు. 1994 నాటి కైరో జనాభా సదస్సు తరువాత, 1995లో ఏర్పడిన అంతర్సంస్థల బృందం కృషితో ఇది రూపుదిద్దుకొంది. 1999లో వెలువడిన క్షేత్రస్థాయి చేతిపుస్తకం శీర్షికలోనే శరణార్థుల ప్రస్తావన ఉంది. 2018లో సవరించిన రూపంలో దీనికి ఆరు లక్ష్యాలున్నాయి: సమన్వయ బాధ్యతను ఒక సంస్థకు అప్పగించడం, లైంగిక హింసను నివారించి బాధితులకు చికిత్స అందించడం, హెచ్.ఐ.వి. తదితర వ్యాధుల వ్యాప్తిని అరికట్టడం, తల్లీబిడ్డల మరణాలను తగ్గించడం, అవాంఛిత గర్భాలను నివారించడం, ఆ తరువాత సమగ్ర సేవల వైపు సాగడం. సురక్షిత గర్భస్రావ సేవను కూడా ముఖ్యమైన పనిగా చేర్చారు. వీలైతే తొలి 48 గంటలలోనే ఈ సేవలు మొదలుకావాలన్నది నియమం. అత్యాచారానికి గురైన స్త్రీకి హెచ్.ఐ.వి. నివారణ మందు 72 గంటలలోపు, అత్యవసర గర్భనిరోధకం 5 రోజులలోపు అందాలి. ఈ గడువులు ప్రకృతి పెట్టినవి, ఏ కార్యాలయ ఉత్తర్వూ వాటిని పొడిగించలేదు. ముందస్తు ప్రణాళిక ఎందుకన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి సమాధానం లేదు.

భారతదేశం ఆమోదించిన 2015 నాటి సెండాయ్ కార్యాచరణ చట్రం కూడా విపత్తు ముప్పు తగ్గింపులో మాతా శిశు ఆరోగ్యాన్ని, లైంగిక పునరుత్పత్తి ఆరోగ్యాన్ని పేర్కొంది. దేశంలో 2005 విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో కనీస సహాయ ప్రమాణాలను వెలువరించింది. స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు, స్నానపు చోట్లు, శానిటరీ నాప్కిన్లతో కూడిన కిట్లు, గర్భిణులకు సురక్షిత ప్రసవ ఏర్పాట్లు వాటిలో ఉన్నాయి. మంచివే. కాని అవన్నీ సహాయ శిబిరానికి ఉద్దేశించినవి. గోదావరి వరదకో, కోస్తా తుపానుకో ఈ ఊహ సరిపోతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించినపుడు చుట్టుపక్కల ఊళ్ళను ఖాళీ చేయించారు. అక్కడా ఈ ఊహ కొంతమేర వర్తిస్తుంది.

పాశమైలారం పేలుడు స్వభావం వేరు. అది ఊరిని లేపలేదు. ఇస్నాపూర్‌లో, రుద్రారంలో అద్దె గదులు అలాగే ఉన్నాయి. కూలినది ఒక ప్రాంగణంలోని భవనం. ఇలాంటి విపత్తులో మనుషుల కంటే ముందు సేవలు స్థానభ్రంశం చెందుతాయి. అంబులెన్సులు ఒక దిక్కుకు మళ్ళుతాయి. శస్త్రచికిత్స గది, రక్తనిధి, మత్తు వైద్యుడు కాలిన గాయాలవారి కోసం అవసరమవుతారు. శవాగారం నిండుతుంది. అదే ఆసుపత్రికి ఆ రోజే నొప్పులతో రావలసిన స్త్రీ ఏ జాబితాలోనూ బాధితురాలు కాదు; ఆమె చుట్టూ శిబిరమూ లేదు. అయినా విపత్తు ఆమెను తాకింది. ఆ సేవలు ఎక్కడికి మారతాయి, ఎవరు తీసుకువెళతారు అన్నది ముందే రాసి ఉండకపోతే అప్పటికప్పుడు తేల్చుకోవడం ఆశా కార్యకర్త చేతిలోని ఫోను మీద ఆధారపడుతుంది.

కాబట్టి అంతర్జాతీయ ప్రమాణాన్ని యథాతథంగా తెలుగులోకి దించుకొంటే సరిపోదు. శిబిరం అన్నచోట ఆసుపత్రి ద్వారం, శవాగారం, అద్దె గది అనే మూడు స్థలాలను పెట్టి ఆ ఆరు లక్ష్యాలను తిరిగి చదవాలి.

3. నియమావళిలో ఉన్నవారు, లేనివారు:

భోపాల్ తరువాత దేశంలో రసాయన ప్రమాదాల నియమావళి వేగంగా పెరిగింది. 1987లో కర్మాగారాల చట్టానికి సవరణ, 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు, 1996లో రసాయన ప్రమాదాల అత్యవసర ప్రణాళిక నియమాలు వచ్చాయి. ప్రాంగణం లోపలి ప్రణాళిక యాజమాన్యం బాధ్యత; వెలుపలి ప్రణాళిక జిల్లా యంత్రాంగానిది. ఏ కర్మాగారం ఎంత ప్రమాదకరమో నిర్ణయించేది ప్రధానంగా అక్కడ నిల్వ ఉన్న రసాయనం పేరు, పరిమాణం. మండే ధూళి ఈ కొలతకు సులభంగా అందదు. అది సాంకేతికులు తేల్చవలసిన అంశం కనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు.

1996 నియమాలు జిల్లా స్థాయిలోను, స్థానిక స్థాయిలోను సంక్షోభ బృందాలను ఏర్పాటు చేయమన్నాయి. జిల్లా బృందంలో కలెక్టరు, కర్మాగారాల తనిఖీ అధికారి, అగ్నిమాపక అధికారి, పేలుడు పదార్థాల నియంత్రణాధికారి, పోలీసు, ఆరోగ్య, కాలుష్య నియంత్రణ అధికారులు, కార్మిక సంఘ ప్రతినిధి ఉంటారు. వ్యవసాయాధికారి కూడా ఉంటారు. స్థానిక బృందంలో పత్రికా సంపాదకుడికి, ఇద్దరు వైద్యులకు, సామాజిక కార్యకర్తలకు చోటుంది. స్త్రీ శిశు సంక్షేమ శాఖకు మాత్రం ఈ జాబితాలలో చోటు లేదు. పొలం నష్టపోతుందని నియమకర్తలు ఊహించగలిగారు. స్త్రీ ప్రత్యేకంగా నష్టపోగలదని ఊహించలేదు. ఇది కావాలని చేసిన వివక్ష కాకపోవచ్చు. కాని ఊహలో చోటులేనిదానికి బడ్జెట్‌లోనూ చోటుండదన్నది పాలనా అనుభవం.

పటాన్‌చెరు ప్రాంతానికి ఈ పొలం లెక్క కొత్తదేమీ కాదు. పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం ప్రాంతాల పరిశ్రమల వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర వైపు సాగిన కథ నాలుగు దశాబ్దాలది. 1990లోనే ఈ కాలుష్యంపై సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఇక్కడి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు ప్రకటించింది. ఈ పోరాటంలో రైతులకు దక్కిన పరిహారం పాడైన భూమిని ఎకరాలలో కొలిచి ఇచ్చినది. ఆ కొలత న్యాయమే. కాని ఆ నీటి పక్కన కాపురమున్న స్త్రీల గర్భస్రావాలను, నెలసరి సమస్యలను కొలవడానికి అలాంటి కొలబద్ద ఏదీ వ్యవహారంలోకి రాలేదు.

కొలవకపోతే ఏమవుతుందో భోపాల్ చూపింది. 1984 డిసెంబరు నాటి విషవాయువు తరువాత, కర్మాగారానికి కిలోమీటరు పరిధిలో నివసించిన 865 మంది గర్భిణుల విషయంలో దయా వర్మ జరిపిన అధ్యయనం 1987లో వెలువడింది. వారిలో 43 శాతం గర్భాలు సజీవ జననంగా ముగియలేదని అది తెలిపింది. మెడికో ఫ్రెండ్ సర్కిల్ వంటి స్వచ్ఛంద వైద్య బృందాలు 1985లోనే స్త్రీల సమస్యలను లేవనెత్తాయి. గర్భిణికి గర్భం కొనసాగించమనాలా, వద్దనాలా, ఏ పరీక్ష చేయాలి అన్నది ఆ రోజు ఎవరి పనీ కాలేదు. వాయువు ఏదన్నది తెలియకపోవడం ఒక కారణం; అడగవలసినవారు ఎవరన్నది ముందే నిర్ణయించకపోవడం మరో కారణం. పటాన్‌చెరు ప్రాంతంలో వాడే ద్రావణాల పేర్లు కర్మాగారాల రికార్డుల్లో ఉంటాయి. వాటిలో గర్భస్థ శిశువుకు హాని కలిగించగలవి ఏవో ఒక పుటలో రాసి ఏరియా ఆసుపత్రి ప్రసూతి విభాగానికి ఇవ్వడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.

4. వితంతువు కాని వితంతువు:

2005 విపత్తు నిర్వహణ చట్టంలోని 12వ సెక్షన్ కనీస సహాయ ప్రమాణాలలో వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలంటుంది. 2016 ప్రమాణాలు వితంతువుల కోసం విడిగా రిజిస్టరు ఉంచాలని, విపత్తు జరిగిన 15 రోజులలో ధ్రువపత్రం ఇవ్వాలని సూచించాయి. స్త్రీ ఈ చట్టంలో కనబడేది ప్రధానంగా ఈ ఒక్క హోదాలో. భర్త మరణించినపుడే ఆమె ప్రత్యేక సహాయానికి అర్హురాలు.

పాశమైలారంలో ఆచూకీ దొరకని 8 మంది విషయానికి వస్తే ఈ హోదా కూడా దొరకదు. దేహం లేదు. సాక్ష్య చట్టం సాధారణ నియమం ప్రకారం ఏడేళ్ళు ఒక వ్యక్తి గురించి ఎవరికీ కబురు తెలియకపోతేనే అతడు మరణించినట్లు భావిస్తారు. కొత్త సాక్ష్య అధినియమంలోనూ ఈ నియమమే కొనసాగింది. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించి పరిహారం ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. కాని ఆ ప్రకటన వచ్చేదాకా అలాంటి వ్యక్తి భార్య వివాహితా కాదు, వితంతువూ కాదు. పుస్తె తీయాలా వద్దా అన్న ప్రశ్న దగ్గర ఆమెను బంధువర్గం నిలబెడుతుంది. బ్యాంకు కాగితం దగ్గర ప్రభుత్వం నిలబెడుతుంది.

గుర్తింపు ప్రక్రియలోనూ ఒక సూక్ష్మం ఉంది. డి.ఎన్.ఎ. పరీక్ష రక్తసంబంధం మీద నడుస్తుంది: తల్లి, తండ్రి, సోదరుడు, బిడ్డ. భార్య రక్తనమూనా ఒక్కటే భర్త దేహాన్ని గుర్తించలేదు. పిల్లలు లేని యువతి, లేదా బిడ్డ ఇంకా కడుపులోనే ఉన్న యువతి, తన భర్తను గుర్తించే పనికి అత్తింటివారి రాకకోసం ఎదురుచూడక తప్పదు. బీహార్ నుంచో జార్ఖండ్ నుంచో వారు వచ్చేదాకా ఆమె ఆసుపత్రి ఆవరణలో ఎక్కడ పడుకుంటుంది? ఏ మరుగుదొడ్డి వాడుతుంది? ఆమెతో మాట్లాడేవారికి భోజ్‌పురియో ఒడియానో వచ్చునా? వారు వచ్చాక, దేహంతోపాటు పరిహారం కూడా ఎవరి చేతికి వెళ్ళాలన్న వివాదంలో ఆమె పక్షాన ఎవరు నిలబడతారు? లింగాధారిత హింస అనగానే అత్యాచారం ఒక్కటే గుర్తుకు రావడం సాధారణం. పారిశ్రామిక మరణం తరువాత హింస ఎక్కువగా పరిహారం చుట్టూ తిరిగే ప్రమాదముంది: సంతకం కోసం ఒత్తిడి, పుట్టింటికి తరిమివేయడం, మరిదితో పెళ్ళికి బలవంతం.

చట్టం కూడా ఇందులో నిష్పక్షపాతి కాదు. ఉద్యోగుల రాజ్య బీమా కింద కార్మికుని భార్యకు దక్కే ఆశ్రితుల భత్యం ఆమె జీవితాంతమో, పునర్వివాహం జరిగేదాకానో మాత్రమే. అంటే ఆమె వైవాహిక స్థితిపై నిఘా పెట్టడానికి ఇతర వాటాదారులకు ఒక ఆర్థిక కారణాన్ని చట్టమే సమకూర్చింది.

5. గర్భం, గడువు, ‘ప్రకటించిన విపత్తు’:

ఈ చర్చలో అందరికన్నా తక్కువగా ప్రస్తావనకు వచ్చేది గర్భవిచ్ఛిత్తి చట్టం. 2021 సవరణ తరువాత, అదే ఏడాది అక్టోబరు 12 నాటి నియమాలలో 3బి అనే నియమం, 20 నుంచి 24 వారాల మధ్య గర్భవిచ్ఛిత్తికి ఎవరు అర్హులో చెప్పింది. ఇద్దరు వైద్యుల అభిప్రాయం అవసరం. ఆ జాబితాలో లైంగిక దాడికి గురైనవారు, మైనర్లు ఉన్నారు. గర్భకాలంలో వైవాహిక స్థితి మారినవారు, అంటే వితంతువులూ విడాకులు పొందినవారూ ఉన్నారు. ప్రభుత్వం ప్రకటించిన మానవతా సంక్షోభ, విపత్తు, అత్యవసర పరిస్థితులలోని గర్భిణులు కూడా ఉన్నారు.

చివరి వర్గాన్ని చేర్చడం విశేషమే. స్త్రీ కేవలం వితంతువుగా కాక గర్భిణిగా ఒక విపత్తు నిబంధనలో కనబడటం అరుదు. కాని ‘ప్రభుత్వం ప్రకటించిన’ అనే షరతు దగ్గర పాశమైలారం వంటి ఘటన ఆగిపోతుంది. కర్మాగారం పేలుడును ఈ నియమం కోసం విపత్తుగా ప్రకటించేది ఎవరు, ఏ ఉత్తర్వుతో, ఎన్ని రోజులలో? విపత్తు నిర్వహణ చట్టం నిర్వచనంలో మానవ కారణాలు, ప్రమాదం, నిర్లక్ష్యం అన్నీ ఉన్నాయి; అయినా ఆ ప్రకటన తనంతట తానుగా జరగదు. మరణం నిర్ధారణ అయిన కార్మికుని భార్యకు వైవాహిక స్థితి మారిందన్న వర్గం తోడ్పడుతుంది. ఆచూకీ లేని కార్మికుని భార్య 21వ వారంలో ఉంటే ఏ వర్గం కిందికి వస్తుందో ఆసుపత్రిలోని వైద్యురాలికి స్పష్టంగా తెలియదు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఈ నియమాన్ని విశాలంగా చదివింది. అవివాహితలకూ దాన్ని వర్తింపజేసి, స్త్రీ భౌతిక పరిస్థితులలో వచ్చిన మార్పే దాని సారమని భావించింది. ఆ తీర్పు వెలుగులో చూస్తే ఆచూకీ లేనివారి భార్యలకు కూడా దారి ఉందని వాదించవచ్చు. అయితే 24 వారాల గడువు వాదనల కోసం ఆగదు. జిల్లా వైద్యాధికారి నుంచి ఒక ముందస్తు వివరణ పత్రం ఉంటే ఆ వైద్యురాలు భయపడనవసరం ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. విపత్తు తరువాత పునరుత్పత్తి సేవలు ఎప్పుడూ స్త్రీ కోరిక మేరకే రావు. 2004 సునామీలో బిడ్డలను కోల్పోయిన తల్లులకు తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా పునఃసంధాన శస్త్రచికిత్సలు ప్రకటించింది. కోరుకొన్న తల్లికి అది ఊరట. మళ్ళీ కనాలన్న ఒత్తిడి ఇంటి నుంచి వచ్చినపుడు అదే సేవ మరో రకం బలవంతానికి సాధనం కాగలదు. అలాగే అత్తింటివారి వారసత్వ ఆశ కోసం యువతి గర్భాన్ని కొనసాగించవలసి రావడమూ, పుట్టింటివారి తొందరతో తీయించుకోవలసి రావడమూ రెండూ ఊహించదగినవే. అందువల్ల సేవతోపాటు ఆమెతో ఏకాంతంగా మాట్లాడే ఒక గది, ఒక శిక్షితురాలు కూడా ప్రణాళికలో భాగం కావాలి.

6. ఉన్నవాటిని కలపడం:

సంగారెడ్డి జిల్లాలో ఈ సేవలు లేవనడం సరికాదు. హింసకు గురైన స్త్రీలకు వైద్యం, న్యాయసలహా, తాత్కాలిక వసతి అందించే సఖి కేంద్రాలు తెలంగాణలో జిల్లాకొకటి ఉన్నాయి. 181 సహాయవాణి ఉంది. గర్భిణులను, బాలింతలను చేరవేసే 102 వాహనాలు, అత్యవసరానికి 108 ఉన్నాయి. ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం.లు, అంగన్‌వాడీలు ఉన్నారు. లైంగిక హింస బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచిత ప్రథమ చికిత్స అందించాలన్నది చట్టం. పది మందికన్నా తక్కువ పనిచేసేచోట, లేదా యజమానిపైనే ఫిర్యాదు ఉన్నచోట, పని ప్రదేశంలో వేధింపులను విచారించే స్థానిక కమిటీ 2013 చట్టం ప్రకారం జిల్లాలో ఉండాలి.

లేనిది ఈ పేర్లన్నీ కర్మాగారపు వెలుపలి ప్రణాళికలో కనబడటం. సఖి కేంద్ర నిర్వాహకురాలి ఫోను నంబరు అగ్నిమాపక అధికారి నంబరు పక్కన ఉండాలి. పేలుడు రోజున ఏరియా ఆసుపత్రి ప్రసవాలు ఏ ఆసుపత్రికి మళ్ళాలో, 102 వాహనాలను గాయపడినవారి తరలింపుకు వాడరాదన్న నిబంధనతో సహా రాసి ఉండాలి. శవాగారం వద్ద ఏర్పడే సహాయ కేంద్రంలో మొదటి గంట నుంచే సఖి ప్రతినిధి కూర్చోవాలి. పరిహారం చెక్కు కాదు, భార్య పేరిట ఖాతాలో నేరుగా జమ కావాలి. ఖాతా లేకపోతే తెరిపించే బాధ్యత ఎవరిదో ముందే తేలాలి.

అన్నిటికన్నా కష్టమైనది అద్దె గదుల లెక్క. ఆశా కార్యకర్త వద్ద ఉండే గర్భిణుల జాబితా స్థిరనివాసులకు బాగా పనిచేస్తుంది. ఆర్నెల్లకోసారి గది మారే ఒడియా దంపతులు ఆ జాబితాలోకి వచ్చేలోపే మరో వాడకు వెళ్ళిపోతారు. చాలామంది స్త్రీలు కాన్పుకు స్వగ్రామం వెళతారు కాబట్టి లెక్క అక్కరలేదన్న వాదన వినబడుతుంది. పేలుడు జరిగిన రోజున ఎవరు ఇంకా వెళ్ళలేదో తెలియాలంటే ఆ లెక్కే కావాలి. ప్యాకింగ్, శుభ్రత, క్యాంటీన్ పనుల్లో కాంట్రాక్టు మీద ఉన్న స్త్రీల హాజరుపట్టీలు గుత్తేదారు వద్ద ఉంటాయి. ఆ కాపీ గేటు బయట మరో చోట భద్రంగా లేకపోతే, భవనంతోపాటు లోపల ఎవరున్నారన్న సమాచారమూ కాలిపోతుంది. ఇది స్త్రీలకూ పురుషులకూ సమానంగా వర్తించే లోపమే. కాని గదిలో చంటిబిడ్డను పొరుగింటివారికి అప్పగించి పనికి వెళ్ళిన తల్లి విషయంలో, ఆ బిడ్డ సంగతి అడిగేవారు ఎవరో కూడా ఆ పట్టీయే చెప్పాలి.

1989 నియమాలు వెలుపలి ప్రణాళికను ఏడాదికొక్కసారైనా అభ్యాసం చేసి చూడాలంటాయి. మాక్‌డ్రిల్‌లో సైరన్ మోగుతుంది, నురుగు చిమ్ముతుంది, స్ట్రెచర్ పరుగెడుతుంది. పాశమైలారంలోనో బొంతపల్లిలోనో ఇకపై జరిగే అభ్యాసంలో ఇద్దరు స్త్రీలను చేర్చడానికి ఖర్చేమీ కాదు: స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోలేని తొమ్మిదో నెల గర్భిణి ఒకరు, గేటు దగ్గర నిలబడి తెలుగు రాక భర్త పేరు మాత్రమే పదేపదే చెబుతున్న యువతి ఒకరు. వారిని ఎవరు, ఎన్ని నిమిషాలలో, ఎక్కడికి తీసుకువెళ్ళారన్నది పరిశీలకుడి నివేదికలో నమోదు కావాలి.